తడి ఆరిన రాయి

పోయిన వేసవిలో మా పక్కింటివాళ్లు పాత ఇల్లు పడగొట్టి కొత్తది మొదలుపెట్టారు. మేముండేది చెన్నైలో, పల్లావరం స్టేషన్‌కి పది నిమిషాల నడక దూరంలో. పునాది గుంట ఐదడుగులు దిగేసరికి జేసీబీ పళ్లు కర్రుమన్నాయి. కింద రాయి. రెండు రోజులు బ్రేకర్ పెట్టి కొట్టారు. మధ్యాహ్నం కునుకు సంగతి మర్చిపోయాం.

మేస్త్రీది పాలకొండ వైపు. మేం తెలుగువాళ్లమని తెలిసినప్పటినుంచీ మంచినీళ్లకి మా ఇంటికే వచ్చేవాడు. "మీ మెడ్రాస్ రాయి మహా పొగరుది బాబూ. మా వైపు కొండరాయైతే గునపం పెడితే పొరలుగా ఊడొస్తాది. ఇది ఊడదు, పెచ్చులు లేస్తాది" అన్నాడు ఒకరోజు. అన్నవాడు అంతటితో మర్చిపోయి ఉంటాడు. కానీ ఆ ఒక్క మాటలో రెండు పెద్ద శిలాకుటుంబాల తేడా అంతా ఉంది. దాని సంగతి తర్వాత.

నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ని. రాళ్లు నా సబ్జెక్టు కాదు. అయినా అరచేతికి సరిపడే పెచ్చు ఒకటి తెచ్చుకుని, పంపు కింద కడిగి, డాబా మీద ఎండలో పెట్టి భూతద్దంతో చూశాను. పైన అర అంగుళం మందాన గోధుమరంగు కలిసిన తెల్లటి తొక్క. అది వానకీ ఎండకీ అరిగిన భాగం. లోపల మాత్రం ముదురు ఆకుపచ్చ, నలుపు, బూడిద కలిసిన రంగు. ఆరిపోయాక కూడా నూనె చెయ్యి తగిలినట్టు నిగనిగలాడుతూనే ఉంది. మామూలు గ్రానైట్‌లో గాజుముక్కల్లా ఉండే పలుగురాయి గింజలు ఇందులో పొగచూరిన నీలంగా ఉన్నాయి. తెల్లగానో గులాబీగానో ఉండాల్సిన ఫెల్డ్‌స్పార్ ఆకుపచ్చగా ఉంది. అంటే రాయి నల్లగా ఉన్నది నల్ల ఖనిజాలు ఎక్కువై కాదు. తెల్లగా ఉండాల్సినవే రంగు మారాయి. నల్లరాయి అని మనం అనేదాంట్లో ముప్పాతిక వంతు సిలికాయే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే, ఉండొచ్చని తెలిసినప్పుడు నాకు కాస్త సిగ్గేసింది. ముప్పై ఏళ్లుగా దీని మీదే నడుస్తున్నాను.

ఈ రాయి పేరు చార్నోకైట్. ఆ పేరు వెనక ఒక సమాధి ఉంది. కలకత్తా స్థాపకుడని ఇంగ్లీషువాళ్లు చెప్పుకున్న జాబ్ చార్నాక్ 1693 జనవరిలో చనిపోయాడు. రాతి మీద 1692 అని ఉంటుంది, ఎందుకంటే అప్పటి ఇంగ్లీషు లెక్కలో కొత్త సంవత్సరం మార్చిలో వచ్చేది. కలకత్తా ఉన్నది గంగ ఒండ్రు మీద. ఎంత తవ్వినా బురదే తప్ప చెక్కడానికి రాయి దొరకదు. అందుకని సమాధిఫలకం రాయి మద్రాసు వైపు నుంచి ఓడలో వెళ్లింది. సరిగ్గా రెండు వందల ఏళ్ల తర్వాత, 1893లో, భారత భూవిజ్ఞాన సర్వేలో పనిచేస్తున్న థామస్ హెన్రీ హాలండ్ ఆ ఫలకం రాయి ఏమిటో పరిశీలించాడు. అప్పటికి అతనికి పాతికేళ్లు కూడా నిండలేదు. అది పరంగిమలై, పల్లావరం కొండల రాయేనని తేల్చి, అలాంటి రాయికి అంతవరకు పేరు లేదు కాబట్టి సమాధిలో ఉన్న మనిషి పేరే పెట్టాడు. ఆ మాటకొస్తే, పల్లావరం పేరు పెట్టి ఉంటే నాకు ఇంకా నచ్చేది. రాయి మాది, పేరు కలకత్తాది. 1900లో హాలండ్ ఈ శిలలన్నింటినీ కలిపి చార్నోకైట్ శ్రేణి అని పెద్ద గ్రంథమే వేశాడు. సిలికా 75 శాతం దాకా ఉన్నవాటి నుంచి 50 శాతం, ఇంకా తక్కువ ఉన్నవాటి దాకా అన్నీ ఒకే కుటుంబమని, అన్నీ మాగ్మా (కరిగిన శిలాద్రవం) నుంచి గడ్డకట్టినవేనని అతని వాదన. ఈ చివరి మాట మీదే తర్వాత వందేళ్లకు పైగా తగాదా నడిచింది.

తగాదాలోకి దిగేముందు రాతిలో ఏముందో చూడాలి. పలుగురాయి ఉంది. రెండు రకాల ఫెల్డ్‌స్పార్ ఉంది. ఇంతవరకు గ్రానైటే. గ్రానైట్‌లో వీటికి తోడు మిలమిలలాడే నల్ల అభ్రకం, అంటే బయోటైట్ ఉంటుంది. చార్నోకైట్‌లో ఆ చోట హైపర్‌స్థీన్ అనే ఖనిజం ఉంటుంది. 1988 నుంచి ఖనిజశాస్త్రవేత్తలు ఆ పేరు పక్కన పెట్టి ఆర్థోపైరాక్సీన్ (క్లుప్తంగా పైరాక్సీన్) అంటున్నారు గానీ, పాత పేరు నోళ్లలోంచి పోలేదు. రెండింటికీ తేడా ఒక్కటే, చాలా పెద్దది. బయోటైట్ నిర్మాణంలో హైడ్రాక్సిల్ ఉంటుంది, అంటే నీరు దానిలో రసాయనికంగా కట్టుబడి ఉంటుంది. పైరాక్సీన్‌లో మెగ్నీషియం, ఇనుము, సిలికాన్, ఆక్సిజన్ తప్ప ఏమీ లేదు. నీటి బొట్టుకి చోటే లేదు.

కెమిస్ట్రీ మాస్టారుని కాబట్టి సమీకరణం రాయకుండా ఉండలేను. ఇనుము సంగతి వదిలేసి మెగ్నీషియం రకమే తీసుకుందాం. ఒక బయోటైట్, మూడు సిలికా కలిస్తే ఒక పొటాషియం ఫెల్డ్‌స్పార్, మూడు పైరాక్సీన్, ఒక నీటి అణువు వస్తాయి. లెక్క సరిచూసుకోండి: పొటాషియం 1, మెగ్నీషియం 3, అల్యూమినియం 1, సిలికాన్ 6, ఆక్సిజన్ 18, హైడ్రోజన్ 2. అటూ ఇటూ సమానం. చూడండి, ఇందులో బయటికి పోయింది నీరొక్కటే. మిగిలినవన్నీ రాతిలోనే చోటు మార్చుకున్నాయి. గ్రానైట్‌లాంటి రాయి చార్నోకైట్‌గా మారడానికి ఏదీ వచ్చి చేరనక్కర్లేదు. నీళ్లు పోతే చాలు. నా మటుకు నాకు ఈ రాయిని అర్థం చేసుకోవడానికి తాళంచెవి ఇదే. దీన్ని ఉన్నవాటితో కాదు, పోయినదానితో గుర్తుపట్టాలి.

ఎన్ని నీళ్లు? బయోటైట్ బరువులో దాదాపు నాలుగు శాతం నీరు. రాతిలో బయోటైట్ పదిహేను శాతం ఉందనుకుందాం. ఒక ఘనమీటరు రాయి 2,700 కిలోలు. గుణిస్తే సుమారు 16 లీటర్లు. మన ఇళ్లకి వచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్ ఉంది కదా, దానికి కాస్త తక్కువ. ఒక ఘనమీటరుకి ఇంతేనా అనిపిస్తుంది. కానీ కొండలు ఘనమీటర్లలో ఉండవు. ఆరు, ఆరున్నర ఘన కిలోమీటర్ల రాయి ఇలా ఆరితే వచ్చే నీళ్లతో మన చెంబరంబాక్కం చెరువు నిండుతుంది. దాని కెపాసిటీ 3.6 టీఎంసీల పైచిలుకు. తమిళనాడు ఉత్తరభాగంలో ఇలాంటి రాయి వేల చదరపు కిలోమీటర్ల మేర, కిలోమీటర్ల లోతున ఉంది. మరి ఆ నీళ్లన్నీ ఎలా పోయాయి?

ఇక్కడ చెన్నై ఇల్లాళ్లకి తెలిసిన విద్య ఒకటి పనికొస్తుంది: బట్టలారేయడం. ఐప్పసి (అక్టోబరు, నవంబరు) వానల్లో మా ఇంట్లో నాలుగు గదుల్లోనూ తాళ్లే. తడిబట్ట ఆరడానికి దారులు మూడు. ఎండలో వేస్తారు, అంటే వేడి పెంచుతారు. ఎండ లేకపోతే ఫ్యాన్ కింద వేస్తారు. వేడి అంతే, కానీ పొడిగాలి వచ్చి ఆవిరిని తోసుకుపోతుంది. అదీ కుదరకపోతే పొడి తువ్వాలులో చుట్టి పిండుతారు, తడి తువ్వాలుకి మారిపోతుంది. ఇవి కాక ఇంకొక సంగతి ఉంది: ఆ బట్ట అసలు తడవనే లేదేమో. చార్నోకైట్ పుట్టుక మీద నూట పాతికేళ్లుగా వచ్చిన సిద్ధాంతాలన్నీ ఈ నాలుగింట్లో ఏదో ఒకదానికి వస్తాయి. ఇది నేను ఉపమానం కోసం అతికించింది కాదు. బట్ట విషయంలో, రాయి విషయంలో పనిచేసే సూత్రం ఒకటే: చుట్టూ నీటి ఆవిరి పీడనం తగ్గితే, తక్కువ వేడికే తడి వదులుతుంది.

మొదట ఎండ. భూమిలోకి దిగుతున్నకొద్దీ వేడీ పెరుగుతుంది, పీడనమూ పెరుగుతుంది. కిలోమీటరుకి సుమారు 265 బార్ల (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనం) లెక్కన, పాతిక కిలోమీటర్ల లోతులో పీడనం ఆరున్నర వేల బార్ల పైన ఉంటుంది. అక్కడ ఉష్ణోగ్రత 700 నుంచి 900 డిగ్రీల మధ్య ఉంటే, ఆ స్థితిని శిలాశాస్త్రంలో గ్రాన్యులైట్ స్థాయి అంటారు. రూపాంతర శిలల్లో ఇది దాదాపు పైమెట్టు. ఆ వేడిలో బయోటైట్ నిలవలేదు.

కానీ ఒక చిక్కుంది. తడి ఉన్న గ్రానైట్ 650, 700 డిగ్రీలకే కరగడం మొదలుపెడుతుంది. అంటే నీళ్లు ఆవిరై పోయేలోపే రాయి కరగాలి కదా? కరుగుతుంది. అదే మూడో దారి, తువ్వాలు. బయోటైట్ విడిచిన నీరు విడిగా తిరగదు. అప్పుడే పుట్టిన కొద్దిపాటి శిలాద్రవంలోకి చేరిపోతుంది. ఆ శిలాద్రవానికి నీళ్లంటే దాహం, చాలానే తాగుతుంది. రాతికంటే తేలిక కాబట్టి పైకి పోతుంది, నీళ్లనీ వెంట తీసుకుపోతుంది. కింద మిగిలేది పిప్పి. 1973లో ఫైఫ్ అనే శాస్త్రవేత్త గ్రాన్యులైట్లంటే ఇలా కరిగిపోగా మిగిలిన పిప్పేనని గట్టిగా వాదించాడు. పైకి పోయిన ద్రవం గ్రానైట్లుగా గడ్డకడుతుంది. అంటే మనం పైన చూసే గ్రానైట్ కొండలకీ, లోతున ఉన్న పొడి రాళ్లకీ మధ్య చెరకురసానికీ పిప్పికీ ఉన్న సంబంధం అన్నమాట. ఈ వాదన బలమైనది. ఇప్పటికీ ఎక్కువమంది మొగ్గేది ఇటే.

ఫ్యాన్ సంగతి చూడాలంటే మాత్రం చెన్నై సరిపోదు. మా బావమరిది బెంగళూరులో ఉంటాడు. నాలుగేళ్ల కిందట సంక్రాంతి సెలవుల్లో అతణ్ణి బతిమాలి కారులో కనకపుర వైపు తీసుకెళ్లాను. అక్కడ కబ్బాళ్‌దుర్గ అని ఏకశిల కొండ ఉంది, పైన కోట ఉంది. మేం వెళ్లింది కోటకి కాదు, ఆ చుట్టుపక్కల పాత రాతిక్వారీకి. బావమరిదికి ఇదేం పిచ్చో అర్థం కాలేదు, కారు నీడలో పెట్టుకుని కూర్చుంటానన్నాడు.

కోసిన రాతిగోడ నిండా బూడిదరంగు నైస్ శిల. తెల్లటి చార, ముదురు చార, మళ్లీ తెల్లటి చార, దుప్పటి మడతల్లా. బెంగళూరు లాల్‌బాగ్‌లో కెంపేగౌడ మండపం కింద ఉన్న రాయి కూడా ఈ బాపతే. ద్వీపకల్ప నైస్ అంటారు, వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. ఆ బూడిద గోడ మీద అక్కడక్కడ ముదురు ఆకుపచ్చ మరకలు కనిపించాయి. కొన్ని జానెడు, కొన్ని మూరెడు. ఏదో పగులు వెంటో, చారలు వంగినచోటో అంటుకుని ఉన్నాయి. దగ్గరికెళ్లి వేలుపెట్టి ఒక తెల్లచారని పట్టుకుని నడిచాను. మరక అంచుదాకా చార స్పష్టంగా ఉంది. లోపలికి వెళ్లగానే చెదిరి, గింజలు లావై, జాడ మాత్రం మిగిలింది. అవతలి అంచు దాటగానే అదే చార మళ్లీ మొదలైంది. అంటే మరక బయటినుంచి వచ్చి దూరిన రాయి కాదు. అక్కడున్న రాయే ఉన్నచోటనే మారింది. చివరికి బావమరిది కూడా వచ్చి చూసి, "బావా, ఇక్కడెవరో లారీ ఆయిల్ మార్చి ఒలకబోసినట్టున్నారే" అన్నాడు. నిజంగా అలాగే ఉంది. అంతకంటే బాగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు.

సి.ఎస్. పిచ్చముత్తు అనే కర్ణాటక భూవిజ్ఞాని 1960లో ఈ మరకల గురించి నేచర్ పత్రికలో రాశాడు. ఇదిగో చార్నోకైట్ తయారవుతూ తయారవుతూ మధ్యలో ఆగిపోయింది, చూడండి అన్నాడు. హాలండ్ చెప్పినట్టు చార్నోకైట్లన్నీ మాగ్మా గడ్డలే అయితే ఈ మరకలకి సమాధానం లేదు. పోనీ వేడి వల్లనే ఆరాయి అంటారా, వేడి మొత్తం గోడకి సమానంగా తగులుతుంది గానీ జానెడు మరకలకే ఎందుకు తగులుతుంది? పగుళ్ల వెంట ఏదో వచ్చింది. పొడిగాలిలా నీటి ఆవిరిని పలచన చేసే ఏదో వాయువు.

ఏ వాయువో నార్వే రాళ్లు చెప్పాయి. ఖనిజం పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న ద్రవమో వాయువో దాని లోపల వెంట్రుకలో పదోవంతు కూడా లేని బుడగల్లో చిక్కుకుంటుంది. జాక్ టూరే అనే శాస్త్రవేత్త 1970ల మొదట్లో దక్షిణ నార్వే గ్రాన్యులైట్ల బుడగల్ని పరీక్షించాడు. పరీక్ష చెబితే చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది. పలచటి రాతిపలకని మైక్రోస్కోపు కింద పెట్టి, బాగా చల్లబరిచి బుడగలో ఉన్నదాన్ని గడ్డ కట్టించాలి. తర్వాత మెల్లగా వేడెక్కనిస్తూ ఎక్కడ కరుగుతుందో చూడాలి. సున్నా దగ్గర కరిగితే నీళ్లు. మైనస్ 56.6 డిగ్రీల దగ్గర కరిగితే స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్. తక్కువ స్థాయి రూపాంతరం చెందిన రాళ్లలో నీటి బుడగలుంటే, గ్రాన్యులైట్లలో కార్బన్ డయాక్సైడ్ బుడగలు బయటపడ్డాయి. అదీ ఎంత ఒత్తిడిలో చిక్కిందంటే, దాని సాంద్రత దాదాపు ద్రవానికి ఉన్నంత. దక్షిణ భారత గ్రాన్యులైట్లలోనూ అవే దొరికాయి. 1980లో న్యూటన్, స్మిత్, విండ్లీ ముగ్గురూ కలిసి, భూమి లోతుల నుంచి పెద్దెత్తున పైకొచ్చిన కార్బన్ డయాక్సైడే ఖండాల అడుగుభాగాన్ని ఆరబెట్టిందని ప్రతిపాదించారు. ఒక పదేళ్లపాటు అందరూ కబ్బాళ్ క్వారీకి తీర్థయాత్ర చేశారు.

నాకు ఈ కథ చాలా ఇష్టం. కానీ ఇష్టమైనంత మాత్రాన మొత్తం ఒప్పుకోవడానికి లేదు. అంత వాయువు వేల ఘన కిలోమీటర్ల రాతిగుండా ప్రవహిస్తే, పక్కపక్కనున్న రాళ్ల ఆక్సిజన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువులు) కలగలిసిపోవాలి. అమెరికాలో అడిరాండాక్ కొండల గ్రాన్యులైట్లలో చూస్తే అవి కలవలేదు, ఏ రాయి లెక్క ఆ రాయిదే. కాబట్టి ఫ్యాన్ గాలి పగుళ్ల వెంట, అక్కడక్కడ బాగానే పనిచేసింది, మొత్తం ఇంటిని ఆరబెట్టింది మాత్రం అది కాదు అనుకోవడమే సబబు. పైగా చిన్న సందేహం ఒకటి: బుడగలో మొదట నీళ్లూ వాయువూ కలిసే ఉండి, తర్వాత నీళ్లు మాత్రం జారిపోయి ఉండవచ్చు కదా. మిగిలిన సాక్షి ఒక్కడే అయినంతమాత్రాన అప్పుడు అక్కడ ఉన్నది వాడొక్కడే అనలేం.

1990ల చివర్లో న్యూటన్ బృందమే ఇంకొక అనుమానితుణ్ణి తెచ్చింది: చిక్కటి ఉప్పునీరు. ఇదేమిటి, ఆరబెట్టడానికి నీళ్లా అనుకోకండి. ఆవకాయ జాడీ గుర్తు తెచ్చుకోండి. అందులో ఊట నిండా ఉంటుంది, అయినా బూజు పట్టదు. నీళ్లు ఉన్నా ఉప్పు వాటిని పట్టేసుకుంది, బూజుకి అందనివ్వదు. రసాయనశాస్త్రంలో దీన్నే నీటి క్రియాశీలత తగ్గడం అంటాం. లోతుల్లోని ఆ ఉప్పునీరూ అంతే. తడిగానే ఉంటుంది, కానీ బయోటైట్‌కి నీరు ఇవ్వదు, ఉన్నదాన్ని లాక్కుంటుంది. పైగా కార్బన్ డయాక్సైడ్‌కి చేతకాని పని ఇది చేస్తుంది. పొటాషియం, సోడియంలాంటి మూలకాలని కరిగించి ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోస్తుంది. కబ్బాళ్ మరకల్లో కొన్ని మూలకాలు అటూ ఇటూ అయినట్టు విశ్లేషణలు చూపిస్తున్నాయి కాబట్టి, దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

ఇక నాలుగో సంగతి, అసలు తడవని బట్ట. కొన్ని మాగ్మాలు పుట్టుకతోనే పొడి. చాలా వేడిగా, నీళ్లు తక్కువగా ఉన్న మాగ్మా గడ్డకడితే బయోటైట్ రాదు, నేరుగా పైరాక్సీనే వస్తుంది. హాలండ్ అనుకున్నది ఇదే. మా పల్లావరం కొండల సంగతే చూడండి. 1955లో హౌవీ అనే ఆయన ఈ మద్రాసు శ్రేణి రసాయనాన్ని వరసగా విశ్లేషించి, ఇవి మొదట మాగ్మా శిలలే, తర్వాత లోతుల్లో రూపాంతరం చెందాయి అన్నాడు. 1959లో ఎ.పి. సుబ్రమణ్యం ఇదే కొండల్ని మళ్లీ గాలించి, హాలండ్ ఒకే కుటుంబంలో కలిపేసినవి నిజానికి ఒక కుటుంబం కాదన్నాడు. సిలికా ఎక్కువున్న అసలు చార్నోకైట్ వేరు, తక్కువున్న నల్లటి పైరాక్సీన్ గ్రాన్యులైట్ వేరు, వీటి మధ్య మట్టి నుంచి వచ్చిన రాళ్లు కూడా ఉన్నాయి అని విడదీశాడు. ఒకే వీధిలో ఉన్నారని అందరికీ ఒకే ఇంటిపేరు రాసేసిన జనాభా లెక్కల గుమాస్తా పనిలాంటిది హాలండ్ చేసింది. 2008లో ఫ్రాస్ట్ దంపతులు ఇంకో అడుగు ముందుకేసి, మాగ్మా నుంచి వచ్చినవాటికే చార్నోకైట్ పేరు ఉంచాలని ప్రతిపాదించారు. ఆ లెక్కన కబ్బాళ్ మరకలకి వేరే పేరు వెతకాలి. నా ఓటు దీనికి లేదు. చూస్తే ఒకేలా ఉన్న రాయిని, పుట్టుక తేలేవరకు పేరు పెట్టకుండా ఉంచాలంటే కొండ మీద నిలబడ్డవాడు నోట్‌బుక్‌లో ఏం రాసుకుంటాడు?

మేస్త్రీ మాటకి వస్తాను. వాళ్ల ఊరి కొండరాయి పొరలుగా ఊడొస్తుందన్నాడు కదా. పాలకొండ, విజయనగరం, సింహాచలం, కైలాసగిరి, అరకు లోయ, ఈ తూర్పు కనుమల్లో ఎక్కువగా కనబడేది ఖోండలైట్. 1902లో వాకర్ అనే ఆయన అక్కడి ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు. కోణార్క సూర్యదేవాలయం కట్టింది ఖోండలైట్‌తోనే. ఇందులో ఎర్రటి గార్నెట్ గింజలు, సన్నటి పుల్లల్లాంటి సిలిమనైట్, వేలికి అంటుకునే గ్రాఫైట్ రేకులు ఉంటాయి. ఈ మూడూ ఒకచోట కనిపిస్తే పూర్వజన్మ చెప్పేయొచ్చు. సిలిమనైట్ అంతా అల్యూమినియం, సిలికా. అల్యూమినియం అంత పోగుపడేది బంకమట్టిలో. గ్రాఫైట్ ఆ మట్టిలో కలిసిన కర్బన పదార్థం. అంటే ఎప్పుడో నీళ్ల అడుగున పేరుకున్న బురద, భూమి లోతుకి దిగి, చార్నోకైట్ చూసిన వేడినే చూసింది. వేడి ఒకటే, పడ్డ పదార్థం వేరు, అందుకే రాయి వేరు. ఒకే పెనం మీద అట్టు వేసినా చపాతీ కాల్చినా పెనం తేడా ఏముంది? పుల్లల్లాంటి సిలిమనైట్ అంతా ఒకే దిశలో పరుచుకుంటుంది కాబట్టి గునపానికి పొర దొరుకుతుంది. పల్లావరం రాతిలో గింజలు అన్ని దిక్కులకీ అల్లుకుని ఉంటాయి కాబట్టి దొరకదు. పాలకొండ మేస్త్రీ చెప్పింది అదే.

అక్కడి వేడి మా చెన్నై కంటే ఎక్కువే. పాడేరు, అనకాపల్లి ప్రాంతాల్లో సాఫిరిన్ అనే నీలి ఖనిజం ఉన్న గ్రాన్యులైట్లు దొరికాయి. అవి 900 డిగ్రీలు దాటిన రాళ్లు. మామూలు ఖండపు అడుగున అంత వేడి ఎలా వచ్చిందన్నది పెద్ద ప్రశ్న, దానికి వేరే వ్యాసం కావాలి.

ఇంత వేడి, ఇంత లోతు అని ఎలా చెబుతున్నారు అని మా అమ్మాయి అడిగింది. రాతిలో థర్మామీటరు ఉంది. గార్నెట్, పైరాక్సీన్ పక్కపక్కన ఉంటే రెండూ ఇనుము, మెగ్నీషియం ఇచ్చిపుచ్చుకుంటాయి. ఎవరి దగ్గర ఎంత ఉంటుందన్నది ఉష్ణోగ్రతని బట్టి ఉంటుంది. ఎలక్ట్రాన్ కిరణంతో ఒక్కొక్క గింజలో ఎంత ఉందో కొలిచి, వెనక్కి లెక్కకడతారు. ఈ థర్మామీటరుకి ఒక జబ్బుంది. రాయి చల్లారేటప్పుడు కూడా ఇచ్చిపుచ్చుకోవడం కొంతకాలం సాగుతుంది, అందుకని నిజంగా ఎక్కిన వేడికంటే తక్కువ చూపిస్తుంది. జ్వరం దిగడం మొదలయ్యాక కొలిచినట్టు.

మరి పైకి వచ్చేటప్పుడు రాయి మళ్లీ పాత ఖనిజాలకి ఎందుకు మారిపోలేదు? ఆ సమీకరణాన్ని తిరగేస్తే సరిపోతుంది కదా: పైరాక్సీన్, ఫెల్డ్‌స్పార్, నీరు కలిస్తే బయోటైట్. కానీ కలవడానికి నీరేది? అది ఎప్పుడో పోయింది. తిరుగు ప్రయాణానికి టికెట్ కొనుక్కునే డబ్బులే లేవు రాయి దగ్గర. అందుకే పాతిక కిలోమీటర్ల లోతున ఎలా ఉందో అలాగే, కోట్ల ఏళ్లపాటు పైనున్న రాయి కోతకి పోతూ పోతూ, చివరికి పరంగిమలై మీద ఎండలోకి వచ్చింది. ఎక్కడైనా పగులు వెంట నీళ్లు దిగితే, అక్కడ పైరాక్సీన్ చుట్టూ సన్నటి అంచులా బయోటైట్ మళ్లీ పుడుతుంది కూడా.

వయసు సంగతి జిర్కాన్ అనే ఖనిజం గింజలు చెబుతాయి. జిర్కాన్ పుట్టేటప్పుడు యురేనియాన్ని రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. తర్వాత లోపల కనిపించే సీసం అంతా యురేనియం క్షీణించగా వచ్చిందే. యురేనియం 238 సగం కావడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది కాబట్టి, ఇంత పాత రాళ్లకి కూడా గడియారం ఆగదు. గింజ నడిబొడ్డు ఒక వయసు, తర్వాత వేడికి దాని చుట్టూ పెరిగిన పొర ఇంకో వయసు చూపిస్తాయి. చెన్నై చుట్టుపక్కల రాళ్లు ఆరింది సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట. విశాఖ వైపు తూర్పు కనుమలు కాలింది సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట, అప్పుడు ఆ ప్రాంతం అంటార్కిటికా తీరంతో అంటుకుని ఉండేది. కేరళలో పొన్ముడి దగ్గరా కబ్బాళ్ లాంటి మరకలే ఉన్నాయి, అవి దాదాపు 55 కోట్ల ఏళ్లవి. మ్యాపులో అన్నీ ఒకే రంగు వేస్తారు, పేరూ ఒకటే. పల్లావరం రాయీ, విశాఖ చార్నోకైటూ పక్కపక్కన పెడితే నేనైతే గుర్తుపట్టలేను. మధ్యలో 150 కోట్ల ఏళ్లు.

నీళ్లతోపాటు పోయినవి ఇంకొన్ని ఉన్నాయి. రుబీడియం, యురేనియం, థోరియంలాంటివి రాతిలోని ప్రధాన ఖనిజాల్లో అంత తేలిగ్గా ఇమడవు, కరిగిన ద్రవంతో లేచిపోతాయి. కృష్ణగిరి, ధర్మపురి వైపు చార్నోకైట్లలో రుబీడియం బాగా తక్కువ. యురేనియం, థోరియం రెండూ వేడి పుట్టించేవి. అవి పైకి పోవడంతో ఖండం అడుగు చల్లబడి గట్టిపడింది. దక్షిణాది ఇంత నిలకడగా ఉండటానికి ఇదొక కారణం.

పక్కింటి పునాది పూర్తయింది. తవ్వి తీసిన నల్లరాయిలో కొంత వాళ్ల కాంపౌండ్ గోడకే వాడారు, మిగతాది లారీలో పోయింది. ఈ చుట్టుపక్కల త్రిశూలం, పమ్మల్ కొండల్లో కంకర కోసం తవ్విన పాత క్వారీలన్నీ ఇప్పుడు వాననీటి గుంటలు. ఇక్కడివాళ్లు కల్‌కుట్టై అంటారు. 2017లో చెరువులు ఎండినప్పుడు కుండ్రత్తూరు దగ్గర సిక్కరాయపురం క్వారీ గుంటల నీళ్లని పైపుల్లో చెంబరంబాక్కానికి పంపి, శుద్ధి చేసి నగరానికి వదిలారు. 2019లో మరీ కటకట వచ్చినప్పుడు కూడా మా వీధికి ట్యాంకర్ వస్తే ముందు పరుగెత్తింది మా ఆవిడ. రెండు బిందెలు పట్టి తెచ్చి, ఒకటి తులసికోట పక్కన దించింది. ఆ బిందె కింద ఎత్తుకి పెట్టిన రాయి ఇదే నల్లరాయి.